కడుపు పండాలంటే ముందు కారణం తెలియాలి

2024 ఏప్రిల్ 19, శుక్రవారం. హైదరాబాద్ శివార్లలోని చిలుకూరు బాలాజీ ఆలయానికి వెళ్లే దారులన్నీ పొద్దున్నే వాహనాలతో బిగుసుకుపోయాయి. బ్రహ్మోత్సవాల్లో భాగంగా పిల్లలు లేని మహిళలకు గరుడ ప్రసాదం ఇస్తారన్న కబురు సోషల్ మీడియాలో ఊరూరా తిరిగింది. ఆలయం వారు అనుకున్నదానికి ఎన్నో రెట్ల జనం వచ్చారు. కిలోమీటర్ల పొడవున బండ్లు ఆగిపోయాయి. దూరాభారం వచ్చిన ఆడవాళ్లు ఎండలో గంటల తరబడి నిలబడ్డారు. చాలామంది ప్రసాదం అందకుండానే వెనుదిరిగారు.

వాళ్ల భక్తిని తప్పుపట్టాల్సిన పనిలేదు. ఆ జనాన్ని చూసి అందరూ గ్రహించాల్సింది వేరే ఉంది. ఇన్ని వేల ఇళ్లలో ఇంత దిగులు ఉందని మామూలు రోజుల్లో పైకి తెలియదు. పెళ్లయి ఆరు నెలలు తిరక్కముందే “ఏమైనా విశేషమా?” అన్న పలకరింపులు మొదలవుతాయి. మూడు నాలుగేళ్లు దాటితే ఆ పలకరింపులు ఆగిపోతాయి. వాటితోపాటే శ్రీమంతాలకూ బారసాలలకూ పిలుపులు ఆగిపోతాయి. ఆ తర్వాత ఆ కోడలు తన బాధను పుట్టింట్లో కూడా చెప్పుకోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం వయోజనుల్లో దాదాపు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ధనిక దేశాలకూ పేద దేశాలకూ ఈ లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా అంతా చికిత్స అందడంలోనే ఉంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నదానికి స్పష్టమైన గడువులున్నాయి. దంపతులు కలిసి ఉంటూ, గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా ఏడాది గడిచినా నెల తప్పకపోతే పరీక్షలు మొదలుపెట్టాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు చాలు. నెలసరి సరిగా రాకపోయినా, గతంలో క్షయ వచ్చినా, పొత్తికడుపు ఆపరేషన్ జరిగినా అంతకాలం కూడా ఆగనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న జంటల్లో వందకు 80 మందికి పైగా మొదటి ఏడాదిలోనే గర్భం వస్తుంది కాబట్టి, పెళ్లయిన మూడో నెలలోనే కంగారుపడి స్కానింగులకు పరుగెత్తడమూ అనవసరమే.

ఇక్కడ తెలుగు నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచీ, కోనసీమ నుంచీ ఎంతోమంది మగవాళ్లు గల్ఫ్ దేశాల్లో పనిచేస్తారు. రెండేళ్లకోసారి నెలా రెండు నెలలు వచ్చి వెళతారు. పెళ్లయి అయిదేళ్లయినా ఆ జంట కలిసి ఉన్న కాలం ఆరు నెలలు మించదు. ఊళ్లో మాత్రం అయిదేళ్ల లెక్కే చెబుతారు, నింద ఇంట్లో ఉన్న భార్య మీద పడుతుంది. అండం విడుదలయ్యాక అది బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలవు. అందువల్ల ఒక నెలలో గర్భం వచ్చే అవకాశమున్న రోజులు అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు అయిదు రోజులూ మాత్రమే. 28 రోజుల నెలసరి ఉన్నవారికి అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. 35 రోజులకోసారి వచ్చేవారికి 21వ రోజు దాకా జరుగుతుంది. భర్త సెలవులో ఆ కొద్ది రోజులు తప్పిపోతే, ఇద్దరిలో ఏ లోపం లేకున్నా నెల తప్పదు.

సంతానలేమి అనగానే అందరి చూపూ భార్య వైపే తిరుగుతుంది. నిజానికి పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో భర్తలో కూడా లోపం ఉంటుంది. కొన్నిట్లో లోపం అతనిదొక్కడిదే. వీర్య పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. అయినా చాలా ఇళ్లలో ఆ పరీక్ష చిట్టచివరన జరుగుతుంది. ఈలోగా భార్యకు నాలుగైదుసార్లు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, కొన్నిసార్లు ల్యాపరోస్కోపీ కూడా అయిపోతాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు మగవారిలో సంతానలేమికి దారితీసే వై క్రోమోజోమ్ లోపాల మీద చాలా ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. మన నగరంలోనే ఇంత విజ్ఞానం ఉన్నా, “మా వాడికేం లోపం?” అన్న అత్తగారి మాట దగ్గరే ఎన్నో జంటలకు ఏళ్లు గడిచిపోతున్నాయి. ఇది ఆడవాళ్లకు జరుగుతున్న స్పష్టమైన అన్యాయం.

ఆడవారిలో ఎక్కువగా కనిపించే కారణం అండం సక్రమంగా విడుదల కాకపోవడం. దానికి ముఖ్యమైన మూలం పీసీఓఎస్. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో పదిమందికి ఒకరికి పైగా ఇది ఉంటుందనీ, వారిలో 70 శాతం దాకా తమకు ఆ సమస్య ఉన్నట్టే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం, మెడ దగ్గర చర్మం నల్లబడటం దీని గుర్తులు. స్కానింగులో అండాశయం అంచున చిన్న చిన్న నీటి బుడగల్లా కనిపించేవి నిజానికి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. వాటిని కోసి తీసేయాల్సిన గడ్డలనుకుని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువవడం వల్ల అండం పక్వానికి రాదు. అసలు లోపం అక్కడుంది.

పదహారేళ్ల అమ్మాయికి నెలసరి క్రమం తప్పితే “పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి” అని తల్లులు సర్దిచెబుతుంటారు. సర్దుకోవు. ఆ వయసులోనే గుర్తిస్తే బరువు అదుపులో పెట్టుకోవడం, నడక, తిండిలో అన్నం వాటా తగ్గించి పప్పులూ కూరలూ గుడ్లూ పెంచడం లాంటి మార్పులతోనే చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. బరువు ఎక్కువున్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా అండం విడుదల మళ్లీ మొదలవచ్చు. అంటే 80 కిలోల మనిషి సన్నజాజి తీగలా మారనక్కర్లేదు, 74 కిలోలకు వచ్చినా శరీరం స్పందిస్తుంది.

అది చాలని వారికి లెట్రోజోల్ మాత్ర ఉంది. దీని కథ తెలుసుకోదగ్గది. రొమ్ము క్యాన్సర్ కోసం తయారైన ఈ మందు అండం విడుదలకూ పనికొస్తుందని డాక్టర్లు గుర్తించారు. మన దేశంలో భద్రత మీద సందేహాలతో 2011లో సంతానలేమి చికిత్సకు దాని వాడకాన్ని నిషేధించారు. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. పాత మందు క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుడితే, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి పుట్టారు. 2017లో మన ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఇప్పుడు పీసీఓఎస్‌లో మొదట వాడాల్సిన మందుగా అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్నే చెబుతున్నాయి. నెలకు అయిదు రోజులు వేసుకునే, ఖరీదు తక్కువైన మాత్ర ఇది. లక్షల ఖర్చుతో ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి) వెళ్లేముందు ఈ మెట్టు ఎక్కారా లేదా అన్నది ప్రతి పీసీఓఎస్ రోగీ అడగాల్సిన ప్రశ్న.

థైరాయిడ్ తక్కువైనా, పాల హార్మోను ప్రొలాక్టిన్ ఎక్కువైనా అండం విడుదల దెబ్బతింటుంది. ఈ రెంటినీ రక్త పరీక్షల్లో పట్టుకోవచ్చు, మాత్రలతో సరిచేయవచ్చు.

తర్వాతి పెద్ద కారణం ఫెలోపియన్ ట్యూబులు మూసుకుపోవడం. మన దేశంలో దీని వెనుక ఎవరూ ఊహించని దోషి ఒకటుంది, అది క్షయ. క్షయ అనగానే దగ్గు, ఊపిరితిత్తులు గుర్తొస్తాయి. ఆ సూక్ష్మజీవి ఎప్పుడో చిన్నతనంలో ఊపిరితిత్తుల్లోకి చేరి, రక్తం ద్వారా జననాంగాలకు పాకి, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండగలదు. జననాంగ క్షయ సోకిన స్త్రీలలో నూటికి 90 మందికి పైగా ముందు దెబ్బతినేవి ట్యూబులే. జ్వరం ఉండదు, నొప్పి కూడా చాలామందికి ఉండదు. నెలసరిలో రక్తస్రావం తగ్గిపోవడం, పిల్లలు కలగకపోవడం మాత్రమే కనిపిస్తాయి. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, అవసరమైతే ల్యాపరోస్కోపీలో చూసి నిర్ధారిస్తారు. ఒక్క పీసీఆర్ రిపోర్టు చూసి క్షయ మందులు మొదలుపెట్టడం సరికాదు. నిర్ధారణ అయితే ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. కాకపోతే, మందులు క్రిమిని చంపుతాయి గానీ అప్పటికే పూడుకుపోయిన ట్యూబును తెరవలేవు. అందుకే త్వరగా కనుక్కోవడం అవసరం.

లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియా కూడా ఇదే నష్టం చేస్తాయి. దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే సిగ్గుపడి మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టుకోకూడదు. డాక్టరు ఇచ్చిన యాంటీబయోటిక్ కోర్సు భార్యాభర్తలిద్దరూ వాడాలి. ఒక్కరే వాడితే జబ్బు మళ్లీ వస్తుంది. అర్హత లేనివారి చేత గర్భస్రావం చేయించుకోవడం మరో ప్రమాదం. దానివల్ల ట్యూబులకు ఇన్ఫెక్షన్ సోకుతుంది, మళ్లీ మళ్లీ డి అండ్ సి చేస్తే గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. 1971 నుంచీ మన దేశంలో నిర్ణీత పరిస్థితుల్లో గర్భస్రావం చట్టబద్ధమే. చాటుమాటుగా చేయించుకోవాల్సిన అవసరం లేదు.

ఎండోమెట్రియోసిస్ గురించి తెలుగు ఇళ్లలో తెలిసింది చాలా తక్కువ. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీదా ట్యూబుల మీదా పేగుల మీదా పెరిగి, ప్రతి నెలసరికీ అక్కడ వాపూ రక్తస్రావమూ తెస్తుంది. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. ముఖ్య లక్షణం విపరీతమైన నొప్పి. “ఆడపిల్లన్నాక నొప్పి ఉండదా” అని ఊరుకోబెట్టడం వల్ల నొప్పి మొదలైన నాటికీ జబ్బు పేరు తెలిసిన నాటికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈలోగా కణజాలం అవయవాలను ఒకదానితో ఒకటి అతికించేస్తుంది. నెలసరి నొప్పితో కాలేజీ మానేసే పిల్ల, మాత్ర వేసుకున్నా మంచం దిగలేని పిల్ల ఇంట్లో ఉంటే గైనకాలజిస్టుకు చూపించాలి. ఆ పిల్లకు పెళ్లి కావాలా వద్దా అన్నది వేరే సంగతి, ముందు ఆమె నొప్పి తీరాలి.

గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్లు, పాలిప్‌లు, పుట్టుకతో ఉన్న అడ్డుగోడ కూడా గర్భం నిలవనివ్వవు. వీటిని గర్భసంచిలోకి సన్నని కెమెరా గొట్టం పంపే హిస్టరోస్కోపీతో తీసేస్తారు. గర్భసంచి కండరంలో బయటివైపు ఉన్న చిన్న ఫైబ్రాయిడ్‌ను మాత్రం చాలాసార్లు వదిలేయవచ్చు.

వయసు సంగతి మాట్లాడటం కష్టమే, అయినా మాట్లాడాలి. ఆడపిల్ల పుట్టినప్పుడే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. సమర్త నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. కొత్తవి పుట్టవు. 35 దాటాక సంఖ్యతోపాటు నాణ్యతా వేగంగా తగ్గుతుంది. ఐవీఎఫ్ ఈ గడియారాన్ని వెనక్కి తిప్పలేదు. బ్రిటన్ ఫెర్టిలిటీ నియంత్రణ సంస్థ లెక్కల్లో, 35 ఏళ్లలోపు వారికి సొంత అండాలతో చేసిన ప్రతి పిండ మార్పిడిలో మూడింట ఒక వంతు బిడ్డ పుట్టేదాకా వెళుతుంది. 43, 44 ఏళ్ల వారిలో అది వందకు అయిదారు మాత్రమే. సినిమా తారలు యాభై దాటాక కవలల్ని ఎత్తుకున్న ఫొటోలు చూసినప్పుడు, వెనుక దాత అండాలు ఉండే అవకాశం ఎక్కువని గుర్తుంచుకోవాలి.

అండాలను ముందే తీసి భద్రపరుచుకోవడం గురించి వ్యాపారవేత్త ఉపాసన కొణిదెల బహిరంగంగా మాట్లాడాక తెలుగు ఇళ్లలోనూ ఆ చర్చ మొదలైంది. క్యాన్సర్ చికిత్సకు వెళ్లే యువతులకు ఇది నిజంగా వరం. కీమోథెరపీకి ముందే డాక్టరును ఆ మాట అడగాలి. మిగతావారికి అదొక అవకాశమే తప్ప బిడ్డకు హామీ కాదు. ముప్పై అయిదు లోపు దాచుకుంటేనే ప్రయోజనం ఎక్కువ, ఖర్చూ తక్కువేమీ కాదు. ఏఎంహెచ్ రక్త పరీక్ష తక్కువ వచ్చిందని పెళ్లి కాని అమ్మాయిలను భయపెట్టడం మరీ దారుణం. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది ఆ పరీక్ష చెప్పలేదని 2017లో ప్రచురితమైన ఒక ప్రముఖ అధ్యయనం తేల్చింది. ఐవీఎఫ్‌లో ఎన్ని అండాలు దొరకవచ్చో అంచనా వేయడానికి మాత్రమే అది ఉపయోగం.

ఐవీఎఫ్ పుట్టుక వెనుక ఒక భారతీయ డాక్టరు విషాదం ఉంది. 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. తల్లికి ట్యూబులు మూసుకుపోయాయి. పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ కలిసి ప్రయోగశాలలో ఫలదీకరణ చేసి సాధించిన తొలి బిడ్డ ఆమె. సరిగ్గా 70 రోజులకు, అక్టోబరు 3న, కలకత్తాలో దుర్గ అనే పాప పుట్టింది. ఆమె తల్లికీ ట్యూబుల సమస్యే. ఈ పని చేసినది డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ, ఆయనతోపాటు క్రయోబయాలజిస్టు సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య.

బ్రిటిష్ బృందం సహజంగా తయారయ్యే ఒక్క అండం మీదే ఆధారపడింది. ముఖోపాధ్యాయ హార్మోన్ ఇంజెక్షన్లతో ఎక్కువ అండాలు తయారుచేయించారు, పొట్టలో గొట్టం వేయకుండా యోని మార్గం గుండా వాటిని తీశారు, పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి తర్వాతి నెలసరిలో గర్భంలో పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా ఐవీఎఫ్ చేసే తీరు దీనికే దగ్గర. కానీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆయన చెప్పినదాన్ని నమ్మలేదు. జపాన్ సదస్సుకు వెళ్లడానికి అనుమతి ఇవ్వలేదు. 1981 జూన్‌లో ఆయనను కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. అదే నెల 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబయిలో ఇందిరా హిందుజాతో కలిసి ఐవీఎఫ్ బిడ్డను సాధించిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ కాగితాలను చదివి, దేశంలో తొలి ఘనత ఆయనదేనని 1997లో తానే లోకానికి చెప్పారు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. ముఖోపాధ్యాయకు బతికుండగా గుర్తింపు దక్కలేదు.

ఇప్పుడు చికిత్స ఎలా సాగుతుందో చూద్దాం. వీర్య పరీక్ష, థైరాయిడ్, స్కానింగ్ అయ్యాక ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే హెచ్ఎస్‌జీ ఎక్స్‌రే తీస్తారు. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి అది ట్యూబుల గుండా వెళుతోందా అని గమనిస్తారు. కాసేపు నొప్పి ఉంటుంది. అయితే ఈ పరీక్షే కొందరికి చికిత్సగా మారుతుంది. నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో నూనె కలిసిన రంగుమందు వాడినవారిలో దాదాపు 40 శాతం మందికి ఆరు నెలల్లో గర్భం నిలిచింది, నీటి మందు వాడినవారిలో 29 శాతం మందికే నిలిచింది. ట్యూబులు బాగుండి, వీర్యంలో కొద్దిపాటి లోపం ఉంటే, శుద్ధి చేసిన వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే ఐయూఐ ప్రయత్నిస్తారు. రెండు ట్యూబులూ మూసుకుపోతే, వీర్యకణాలు బాగా తక్కువుంటే, మిగతా దారులన్నీ అయిపోతే ఐవీఎఫ్. వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే ఇక్సీ 1992లో బెల్జియంలో విజయవంతమై, మగవారి లోపాలకు పెద్ద ఊరటనిచ్చింది.

ఐవీఎఫ్‌లో నెలసరి రెండో రోజు నుంచి పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో స్కానింగులు, మత్తు ఇచ్చి అండాలు తీయడం, మూడో రోజో అయిదో రోజో పిండాన్ని గర్భంలో పెట్టడం, రెండు వారాల తర్వాత రక్త పరీక్ష ఉంటాయి. ఆ రెండు వారాలు దంపతులకు యుగాల్లా గడుస్తాయి. ఇంజెక్షన్ల తర్వాత పొట్ట ఉబ్బరం, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అండాశయాలు అతిగా స్పందించాయని దానర్థం, ప్రాణం మీదకు రావచ్చు. రెండు మూడు పిండాలు పెడితే కవలలు పుడతారని సంతోషపడటం కూడా తెలియక చేసే పని. నెలలు నిండకుండా కాన్పు అవడం, బిడ్డలు ఐసీయూలో గడపడం కవలల్లో చాలా ఎక్కువ. ఒక్క మంచి పిండం చాలు. గర్భసంచి లోపలి పొరను గీకితే పిండం బాగా అంటుకుంటుందని ఒకప్పుడు చెప్పేవారు. 2019లో వచ్చిన పెద్ద పరిశోధనలో దానివల్ల లాభమేమీ కనిపించలేదు. బిల్లులో ఇలాంటి అదనాలు ఉంటే ఆధారం ఏమిటని అడగాలి.

ఐవీఎఫ్ ఎంత మేలు చేయగలదో చెప్పే ఉదంతం తెలుగు నేల మీదే ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. విశాఖపట్నం దంపతులు ఆ ప్రమాదంలో ఇద్దరు చిన్నారి కూతుళ్లను పోగొట్టుకున్నారు. తల్లికి అప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఐవీఎఫ్ చేయించుకున్నాక సరిగ్గా రెండేళ్లకు, 2021లో అదే సెప్టెంబరు 15న, ఆమెకు కవల ఆడపిల్లలు పుట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసు వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే, చాలామందికి పాతికేళ్ల లోపే అయిపోతుంది. అలాంటివారికి ట్యూబులను మళ్లీ కలిపే రీకెనలైజేషన్ దారి కూడా ఉంది. 2004 సునామీలో బిడ్డలను కోల్పోయిన తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ఈ ఆపరేషన్ ఉచితంగా చేయించింది.

అదే ఐవీఎఫ్ హద్దులు దాటిన ఉదంతమూ తెలుగు నేలదే. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన మహిళ దాత అండాలతో కవలలను కన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. 2021 చివర్లో పార్లమెంటు చేసిన ఏఆర్‌టీ (సహాయక సంతానోత్పత్తి) చట్టం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల గరిష్ఠ వయసు పెట్టింది. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు. దానితోపాటే వచ్చిన సరోగసీ చట్టం ప్రకారం డబ్బిచ్చి చేయించుకునే సరోగసీ (అద్దె గర్భం) నిషిద్ధం. క్లినిక్‌లన్నీ రిజిస్టర్ కావాలి. చట్టం వచ్చినా మోసాలు ఆగలేదు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం మీద పోలీసులు కేసు పెట్టారు. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని దంపతుల చేతిలో పెట్టిన శిశువు డీఎన్ఏ వాళ్లతో సరిపోలలేదు. బిడ్డ కోసం తపించేవారి ఆశను సొమ్ము చేసుకోవడం కన్నా హీనమైన పని వైద్యంలో మరొకటి లేదు.

ప్రైవేటులో ఐవీఎఫ్ ఒక్కసారికి లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు అవుతుంది, మొదటిసారే ఫలిస్తుందన్న నమ్మకం లేదు. ఎకరం అమ్ముకున్నవారూ పుస్తెలు తాకట్టు పెట్టినవారూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించింది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి పెద్ద బోధనాసుపత్రిలో ఇలాంటిది ఉండాలి. ఒక స్త్రీ కనే బిడ్డల సగటు 2019-21 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు పడిపోయిందని బాధపడే పాలకులు, బిడ్డ కావాలని వేడుకుంటున్నవారికి ముందు సాయం చేయడం న్యాయం.

నివారణకు అందరి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పొగాకు, గుట్కా, ఖైనీ ఇద్దరూ మానాలి. పొగతాగే స్త్రీలకు మెనోపాజ్ ఒకటి నుంచి నాలుగేళ్లు ముందే వస్తుంది. నెల తప్పకముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డకు వెన్నెముక లోపాలు తగ్గుతాయి. చుట్టం చెప్పాడని, యూట్యూబులో చూశామని నాటు మందులతో ఏళ్లు గడపకూడదు. ముప్పై రెండేళ్ల భార్య మూడేళ్లు అలా పోగొట్టుకుంటే, తర్వాత ఎంత పెద్ద డాక్టరైనా ఆ మూడేళ్లు తిరిగి ఇవ్వలేరు. చికిత్సలన్నీ అయిపోయినవారికి దత్తత దారి తెరిచే ఉంది. ఆసుపత్రుల్లోనో మధ్యవర్తుల దగ్గరో బిడ్డను తీసుకోవడం నేరం. కేంద్ర దత్తత సంస్థ కారాలో పేరు నమోదు చేసుకోవాలి.

మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళుతున్న జంటలకు ఒక విన్నపం. ఇద్దరూ కలిసి వెళ్లండి. గత ఆరు నెలల నెలసరి తేదీలు కాగితం మీద రాసుకోండి, పాత రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకోండి, వీర్య పరీక్ష మొదటి వారంలోనే చేయించుకోండి. మా ఇద్దరిలో కారణం ఏమిటి, అందులో ఐవీఎఫ్ లేకుండా సరిచేయగలిగేది ఏదైనా ఉందా అని అడగండి. అడ్వాన్సు కట్టేముందు ఆ క్లినిక్ పేరు జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రీలో ఉందో లేదో చూసుకోండి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు.